పొగరాని పొయ్యి సాక్ష్యం

ఉదయగిరి బాప్టిస్టు చర్చిలో లిదియమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే, కునుకు తీసే ముసలాళ్లు కూడా నిటారుగా కూర్చునేవాళ్లు. ఊరికే చెప్పేది కాదు మరి ఆ తల్లి. సీతారామపురం బస్సు బోల్తా పడినప్పుడు తను కళ్లజోడు అద్దమైనా చిట్లకుండా ఎట్లా బయటపడిందో ఆమె చెబుతుంటే, ఆ బస్సెక్కని వాళ్లకు కూడా నడుములు నొప్పి పుట్టేవి. దానికి తోడు ఆమెకు ఇంకో అలవాటుంది. అడిగింది చేతికి రాకముందే, వచ్చేసినట్టుగా దేవుడికి వందనాలు చెప్పేస్తుంది. ఒక కరువు ఏడాది, ఆకాశంలో మబ్బు తునక లేని రోజున లేచి నిలబడి, "మా చెరువు నింపినందుకు వందనాలు ప్రభువా" అనేసింది. ఆ వారంలోనే తుపాను వచ్చి చెరువు అలుగు పారింది. ఇంకేముంది! లిదియమ్మ ముందుగా వందనాలు చెప్పిందంటే ఆ పని అయిపోయినట్టేనని ఆడవాళ్లంతా ఖాయం చేసుకున్నారు.

ఆ నమ్మకమే చివరికి ఆమె కోడలు ఏంజెలిన్ పీకకు చుట్టుకుంది.

తొంభైల మధ్యలో సంగతి ఇది. ఆత్మకూరు సర్కారు ఆఫీసు నుంచి సుధారాణి అనే అమ్మాయి బస్సులో వచ్చేది. పొగరాని పొయ్యిలు పెట్టించడం ఆమె ఉద్యోగం. మట్టి, ఇటుక ముక్కలతో రెండు గిన్నెలు పట్టేట్టు పొయ్యి కట్టి, దాని వెనక నుంచి సిమెంటు గొట్టాన్ని కప్పు మీదికి తీస్తారు. పొగంతా గొట్టంలోంచి బయటికి పోతుంది, సగం కట్టెలతోనే వంట అయిపోతుంది. పాపం ఆ పిల్ల చార్టులు చంకన పెట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. "రోజూ దుర్గం కొండెక్కి మోపులకు మోపులు కొట్టుకొస్తున్నారు. ఈ పక్క కొండంతా బోడిగుండు అయిపోయిందమ్మా. ఇంకో పదేళ్లకు మీ పిల్లలు కట్టెల కోసం మర్రిపాడు దాకా నడవాలి" అని గొంతు పోయేటట్టు చెప్పింది.

మన ఆడవాళ్లు వింటారా? "పొగ రాకుంటే పొయ్యి మండతా ఉండాదని ఎట్ట తెలస్తాది మే?" అని ఒకరు, "కొండ యాడికి పోతాది, రాత్రికి రాత్రి లేచిపోతాదా?" అని ఇంకొకరు. నవ్వి, మజ్జిగిచ్చి పంపించేవాళ్లు. మజ్జిగ తాగీ తాగీ ఆ పిల్లకు జలుబు చేసింది గానీ, ఊళ్లో ఒక్క పొయ్యీ లేవలేదు. ఒక సాయంత్రం లిదియమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

లిదియమ్మకు జాలేసింది. పైగా ఆమె స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. తన వీధికి మంచి చెప్పడానికొచ్చిన ఆడపిల్ల ఏడుస్తూ బస్సెక్కడం ఆమెకు నామోషీ అనిపించింది.

"ఇదిగో అమ్మాయ్, ఆడోళ్లకు బొమ్మలు చూపిస్తే వింటారా? సాక్ష్యం చెప్పాల. ముందు మా ఇంట్లో పెట్టించు. తరవాత సంగతి నాకొదిలిపెట్టు" అంది.

శనివారం మాల్యాద్రి మేస్త్రి వచ్చి పొయ్యి కట్టాడు. మట్టి బాగా ఆరేదాకా వెలిగించొద్దని మరీ మరీ చెప్పి పోయాడు. మర్నాడు ఆదివారం. చర్చిలో లిదియమ్మ లేచింది.

"నా కోడలు ఏంజెలిన్ మీకందరికీ తెలుసు. ఆ బిడ్డకు పొగ పడదు. పొయ్యికాడ కూర్చుంటే దగ్గీ దగ్గీ మెలికలు తిరిగిపోతాది. ఇప్పుడు మా ఇంట్లో పొగరాని పొయ్యి పెట్టినాం. నా కోడలికి దగ్గు లేదు, కండ్లలో నీళ్లు లేవు. కట్టెలు సగానికి సగం మిగిలిపోయినాయి. నా దేవునికి వందనాలు!"

పొయ్యి తడి ఇంకా ఆరనేలేదు. అందులో ఒక్క పుల్ల కూడా పడలేదు. ఆ పొద్దున అన్నం పాత పొయ్యి మీదే వండి, దగ్గి, కళ్లు తుడుచుకుని వచ్చింది ఏంజెలిన్. అయినా ఆమెకు అత్త మాటలో తప్పేమీ కనిపించలేదు. ఎప్పటిలాగే ముందుగా వందనాలు చెప్పింది, అంతే కదా అనుకుంది. చర్చి అంతా ఆమెన్ అన్నప్పుడు తనూ అంది. గట్టిగానే అంది.

ఇక చూడాలి సంబరం! మాకంటే మాకని చర్చి వీధంతా సుధారాణి మీద పడింది. మాల్యాద్రికి అన్నం తినే తీరిక లేదు. ఇంటింటా పాత పొయ్యిలు పడగొట్టేశారు. లిదియమ్మ అందరినీ పిలిచి, వాళ్ల ఎదుటే తన పాత పొయ్యిని గడ్డపారతో పగలగొట్టి, ఆ మట్టిని తీసుకెళ్లి పెరట్లో బీరపాదుకు వేసింది.

మట్టి ఆరాక ఏంజెలిన్ కొత్త పొయ్యి వెలిగించింది. మొదట బ్రహ్మాండంగా మండింది. ఆమె ఆశగా గొట్టం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి దుర్గం మీద నుంచి గాలి దిగింది. గొట్టంలో భుస్సుమని చప్పుడైంది. పైకి పోయిన పొగంతా పోయిన దారినే తిరిగొచ్చి వంటింటినిండా కమ్ముకుంది.

"ఏంది మే ఇది?" లిదియమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"పొగ, అత్తా."

"పొగేనని నాకూ తెలుసులే. పచ్చి పుల్లలు పెట్టింటావు."

ఎండు పుల్లలు పెట్టారు. సన్నవి పెట్టారు. పిడకలు కూడా పెట్టి చూశారు. లిదియమ్మ పొయ్యి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. అది వేడెక్కిన సంగతి మరిచిపోయి అరచెయ్యి కాల్చుకుంది. గాలి ఆగిపోయినప్పుడు పొగ రాలేదు, నిజమే. కానీ కొండ కింద ఊరు, గాలి ఆగేదెప్పుడు?

"మాల్యాద్రిని పిలుద్దాం అత్తా. యాడో చిన్న తప్పు జరిగుంటాది, సరిచేస్తాడు" అంది ఏంజెలిన్, దగ్గు మధ్యలో.

లిదియమ్మ మొహం మాడిపోయింది. "పిలిచి ఏమని చెప్దాం? మా ఇంట్లో పొగ వస్తా ఉండాదనా? నిండు చర్చిలో దేవుని పేరు మీద చెప్పినానే! నా మాట మీద వీధి వీధంతా పొయ్యిలు పగలగొట్టుకున్నారే! ఇప్పుడు కాదంటే నేను మొహం యాడ పెట్టుకోవాల?" అని, గొంతు తగ్గించింది. "సాక్ష్యం చెప్పినాను కదా, జరిగి తీరతాది. నీ విశ్వాసంలో తేడా ఉండాదేమో చూసుకో. అందాక గమ్మునుండు."

అదీ చిక్కు. ఊళ్లో ఎవరి పొయ్యి చెడినా మేస్త్రిని పిలుచుకోవచ్చు. లిదియమ్మ ఇంటి పొయ్యి మాత్రం చెడడానికి వీల్లేదు.

మర్నాడే లిదియమ్మ వంటింటి కిటికీ మూయించింది. ఆ కిటికీ వీధి వైపుకుంటుంది. అందులోంచి పొగ బయటికొస్తే చూసినవాళ్లు ఊరుకుంటారా? పాత పొయ్యి రోజుల్లో కనీసం ఆ కిటికీ తెరిచి ఉండేది, పొగ సగమన్నా బయటికి పోయేది. ఇప్పుడు గడియ పెట్టి, పైన గోనెపట్టా కూడా కొట్టారు. అన్నం ఉడికేదాకా ఏంజెలిన్ ఆ గదిలో కళ్లు మూసుకుని, గరిటె తడుముకుంటూ వండేది. గోడలకు మసి పట్టకూడదని శనివారం శనివారం సున్నం కొట్టించేది అత్త. పొయ్యి చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వాళ్లొచ్చేసరికి మంట ఆర్పేసి, నీళ్లు చల్లి, తలుపులు తెరిచి పెట్టాలి. తెల్లగా మెరిసే గోడలు చూసి వాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు.

"ఎవరన్నా ఉండేటప్పుడు దగ్గబాక" అన్నది అత్త పెట్టిన అసలు షరతు. దగ్గొస్తే ఏంజెలిన్ పెరట్లోకి పరిగెత్తి, పైటకొంగు నోట్లో కుక్కుకుని, బీరపందిరి పక్కన వంగి దగ్గేది. ఐదేళ్ల కూతురు హెప్సిబా గడప మీద కూర్చుని చూస్తుండేది. ఆ పిల్ల ముందర అట్లా చెయ్యడం ఏంజెలిన్‌కు సిగ్గుగా ఉండేది.

సుధారాణి నెలకోసారి వచ్చేది. మంచి పిల్ల. వచ్చినప్పుడల్లా సూటిగానే అడిగేది. "పొగేమన్నా వెనక్కొస్తోందా ఏంజెలిన్? వస్తే చెప్పు, సరి చేయిద్దాం." ఏంజెలిన్ నోరు తెరిచేలోపు లిదియమ్మ అందుకునేది. "మా ఇంట్లో పొగేంది తల్లీ! నువ్వే చూడు గోడలు." సుధారాణి సంతోషంగా రాసుకుని వెళ్లిపోయేది. గేటు దాకా ఆమె వెనకే పరిగెత్తి నిజం చెప్పేయాలని ఏంజెలిన్‌కు ప్రతిసారీ అనిపించేది. కాళ్లు కదిలేవి కావు. చెబితే అత్త చచ్చిపోతుందేమోనని భయం.

మొగుడు దయాసాగర్‌కు చెప్పుకుంది. ఆయన మర్రిపాడు పక్కన ఒక బడిలో టీచరు. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. వంటిల్లు చూసేది అన్నం వడ్డించాకే.

"అమ్మ అంతమంది ముందర చెప్పిందే, ఇప్పుడెట్ట కాదంటాం? కొన్నాళ్లు ఓర్చుకో" అన్నాడు పప్పన్నం కలుపుకుంటూ.

"కొన్నాళ్లంటే ఎప్పటిదాకా?"

"చూద్దాంలే" అన్నాడు. ఆయన దగ్గర ఉన్న మాట అదొక్కటే. ఏంజెలిన్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ పప్పు గిన్నె ఆయన నెత్తిన బోర్లిస్తే బాగుండనిపించింది. బోర్లించలేదు, మారు వడ్డించింది.

ఆమెను ఇంకా కాల్చింది ఎదురింటి వరదమ్మ. ఆవిడ ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఏంజెలిన్ చేతులు పట్టుకుని, "మీ అత్త చలవ తల్లీ, మా కండ్లు తెరిపిన పడినాయి. పొగంటే ఏందో మరిచేపోయినాం" అనేది. మిగతా ఆడవాళ్లు కూడా అదే మాట. అందరి ఇళ్లల్లో బాగానే ఉంది, మా కొంపలోనే ఈ ఖర్మ ఎందుకొచ్చిందని ఏంజెలిన్ కుమిలిపోయేది. అత్త చెప్పినట్టు నిజంగా తన విశ్వాసంలోనే లోపముందేమోనని, పొగలో కూర్చుని తన తప్పులన్నీ ఒకటొకటే గుర్తు తెచ్చుకుని దేవుణ్ణి క్షమించమనేది. దగ్గు మాత్రం తగ్గలేదు.

చలికాలం వచ్చేసరికి దగ్గు హెప్సిబాకు కూడా పట్టుకుంది. తల్లి దగ్గులా కాదు. పిల్లికూతలతో, పక్కటెముకలు ఎగిరిపడేటట్టు దగ్గేది పిల్ల. ఏంజెలిన్ పిల్లను తీసుకుని ఆత్మకూరు ఆసుపత్రికి పోయింది. డాక్టరు పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, "ఇంట్లో పొగుందా?" అని అడిగాడు.

"లేదు సార్. మాది పొగరాని పొయ్యి" అంది ఏంజెలిన్. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. అంతగా అలవాటైపోయింది.

"ఎక్కడున్నా సరే, ఈ పిల్లకు పొగ తగలనివ్వొద్దు. ఇట్లాగే ఉంటే జీవితాంతం ఉబ్బసం మిగిలిపోతుంది" అన్నాడు ఆయన.

బస్సుకు ఇంకా వేళ ఉండటంతో ఆత్మకూరులోనే ఉన్న పిన్నమ్మ ఇంటికి పోయింది. పిన్నమ్మ వంట చేస్తోంది. అదే పొయ్యి. అచ్చం అదే. రెండు గిన్నెలూ కుతకుత ఉడుకుతున్నాయి, గదిలో పొగ పోగు కూడా లేదు. పొయ్యి పక్కనే కూర్చుని పిన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏంజెలిన్ కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత పెరట్లోకి పోయి పైకి చూసింది. పిన్నమ్మది పొట్టి ఇల్లు. గొట్టం ఇంటి కొప్పు దాటి ఇంకా నిలువెత్తు పైకి లేచి ఉంది. ఉదయగిరిలో వాళ్లవి పాతకాలపు పెంకుటిళ్లు, కొప్పు ఎత్తు. మాల్యాద్రి ఆత్మకూరు కొలతకే గొట్టాలు తెచ్చి పెట్టాడు, అవి కొప్పు కిందే ఆగిపోయాయి. కొండగాలి పెంకుల మీద పడి దిగేటప్పుడు పొగను గొట్టంలోకే తోసేస్తోంది. ఇంతే సంగతి! విశ్వాసమూ కాదు, పాపమూ కాదు. ఇంకో గొట్టం ముక్క తగిలిస్తే చాలు. ఏంజెలిన్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏందే, ఒంట్లో బాగలేదా?" అంది పిన్నమ్మ.

"బాగానే ఉండాది పిన్నీ. చాలా బాగుండాది."

బస్టాండు దగ్గర కొట్లో గొట్టం కొనింది. దాంతోపాటు ఒక చాప కూడా కొని, గొట్టాన్ని అందులో చుట్టి, రెండు చివర్లా తాడు కట్టింది. ఉదయగిరి బస్టాండులో గొట్టంతో దిగితే ఇంటికి చేరేలోపు ఊరందరికీ తెలిసిపోతుంది కదా. నిద్రపోతున్న పిల్లను ఒళ్లో, చాపను కాళ్ల మధ్య పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

బస్సు కదిలేముందు వరదమ్మ ఎక్కింది. చంకలో చాప చుట్ట.

"నువ్వా ఏంజెలినా!" వరదమ్మ ఉలిక్కిపడింది. "కండ్ల ఆసుపత్రికి వచ్చినా. పన్లో పనిగా చాప కొన్నా."

"నేనూ చాపే కొన్నా పెద్దమ్మా, మా అత్తకు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చాపల ధర గురించి మాట్లాడుకున్నారు. బాటలో ఒక గొర్రెల మంద అడ్డమొచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. వరదమ్మ చాప ముందుకు దొర్లి, తాడు ఊడి, అందులోంచి గుండ్రటి సిమెంటు మూతి బయటపడింది. వరదమ్మ వంగి గబగబా కప్పేసింది. అప్పటికే ఏంజెలిన్ చూసేసింది.

వరదమ్మ మొహం పాలిపోయింది. ఏంజెలిన్ మోకాలి మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పింది. "నీ కాళ్లు పట్టుకుంటా, మీ అత్తకు చెప్పబాక. మా ఇంట్లో పొగ వస్తా ఉండాది తల్లీ. మొదటి నుంచీ వస్తానే ఉండాది. మీ ఇంట్లో రాదు, మా ఇంట్లోనే వస్తాదంటే నా విశ్వాసం ఎంత తక్కువో చూడు. సిగ్గుతో చచ్చిపోతా ఉండా. గొట్టం పొడుగైతే పోతాదేమోనని... మా ఆయన చీకటి పడినాక కప్పెక్కి తగిలిస్తానన్నాడు."

ఏంజెలిన్ తన చాప వైపు చూసింది. 'పెద్దమ్మా, మా ఇంట్లోనూ వస్తోంది. ఇదిగో, నా చాపలోనూ గొట్టమే ఉంది' అంటే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే వరదమ్మ ఊరుకుంటుందా? రేపటికి వీధంతా తెలుస్తుంది. అత్త మొహం కళ్లముందు ఆడింది.

"నేనెవరితోనూ అనను పెద్దమ్మా" అంది. అంతే అంది.

వరదమ్మ కళ్లు తుడుచుకుని, "మీ ఇంట్లో ఎట్ట ప్రార్థన చేస్తారో నాకు కూడా నేర్పించు తల్లీ" అంది. ఏంజెలిన్ పిల్లను గట్టిగా హత్తుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ఇన్నాళ్లూ తన నోరు అత్త మూయించిందని అనుకుంది. ఇప్పుడు వరదమ్మ నోరు తనే మూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

బస్సు దిగి చర్చి వీధిలోకి వచ్చేసరికి రాత్రివంటల వేళయింది. ఎప్పుడూ చూడనిది ఆ రోజు చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఇంట్లో కూడా వంటింటి కిటికీ తెరిచి లేదు.

ఇంటికొచ్చి చాప విప్పి, పిన్నమ్మ పొయ్యి సంగతి, కొప్పు ఎత్తు సంగతి, డాక్టరు మాట అత్తకు చెప్పింది. వరదమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. లిదియమ్మ గొట్టాన్ని తడిమి చూసింది. ఆమె కళ్లల్లో ఆశ కనబడింది గానీ వెంటనే ఆరిపోయింది.

"మాల్యాద్రి కప్పెక్కితే ఎందుకెక్కినాడని అడగరా? వచ్చే ఆదివారం స్త్రీల సమాజం వార్షికోత్సవం. సుధారాణి వాళ్ల పెద్దసారును తీసుకొస్తా ఉండాది. ఆయన విని ఊఁ అంటే సీతారామపురం పక్క ఊర్లన్నిటికీ ఈ పొయ్యిలే ఇస్తారంట. అదొక్కటి దాటనీ. ఆరోజు నువ్వే సాక్ష్యం చెప్పాల."

"అబద్ధం కదా అత్తా!"

"అబద్ధం కాదు. ఇంకా జరగలేదు, అంతే" అంటూ లిదియమ్మ గొట్టాన్ని మంచం కిందికి తోసేసింది.

శనివారం మధ్యాహ్నం ఏంజెలిన్ సున్నం బకెట్టుతో వంటింట్లోకి వెళ్లబోయి ఆగిపోయింది. లోపల అత్త ఒక్కతే ఉంది. పొయ్యి వెలిగించి, ఆ మూసిన గదిలో దాని ముందు మోకరించి ఉంది. పొగ ఆమె నెత్తి మీదుగా తిరుగుతోంది. "పరువు తీయబాక ప్రభువా, ఒక్క రోజు, రేపొక్కరోజు" అంటూ దగ్గుతోంది, కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకుంటోంది. నీళ్లు పొగవో ఏడుపువో తెలియలేదు. ఈ ముసలమ్మ కూడా ఇందులో ఇరుక్కుపోయిందే అనిపించింది ఏంజెలిన్‌కు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. సరే, రేపు ఆ సాక్ష్యం చెప్పేస్తాను, ఆమె కోసం చెప్పేస్తానని మనసు గట్టి చేసుకుంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పెద్దసారు ముందు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సుధారాణి, కొత్త చీరలో, మొహం వెలిగిపోతూ. లిదియమ్మ మైకు పట్టుకుని, "ఇప్పుడు మా కోడలు సాక్ష్యం చెబుతాది" అని ఏంజెలిన్‌ను పిలిచింది.

ఏంజెలిన్ మైకు ముందుకొచ్చింది. "మా ఇంట్లో పొగరాని పొయ్యి పెట్టినాం..." అని మొదలుపెట్టింది. మాటలన్నీ వరసగా నోటికి వచ్చేవే. తర్వాతి మాట 'దగ్గు లేదు' అన్నది.

అప్పుడామె చూపు ముందు చాప మీద కూర్చున్న పిల్లల మీద పడింది. హెప్సిబా మొహం కందగడ్డలా ఉంది. పావడా అంచు మడిచి నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. దగ్గు లోపలే ఎగదన్నుతుంటే భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కళ్లు అవ్వ వైపే చూస్తున్నాయి. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. గడప మీద కూర్చుని నేర్చుకుంది.

ఏంజెలిన్ మైకు వదిలేసింది. దిగి వచ్చి పిల్ల ముందు కూలబడి నోట్లోంచి గుడ్డ లాగేసింది.

"దగ్గమ్మా."

పిల్ల తల అడ్డంగా ఊపి అవ్వ వైపు చూసింది.

"దగ్గు నా తల్లీ. ఎవరూ ఏమీ అనరు. గట్టిగా దగ్గు."

హెప్సిబా దగ్గింది. ఆ పిల్లికూతల దగ్గు చర్చి నాలుగు గోడలకూ తగిలింది. దాన్ని వింటుంటే ఏంజెలిన్ గొంతులో ఇన్నాళ్లూ అణుచుకున్నదంతా పైకి ఎగదన్నింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. అంతమంది ఎదుట, నేల మీద చేతులు ఆనించి, కడుపులోంచి దగ్గింది.

పాస్టరు గారు నీళ్ల గ్లాసుతో లేచి, ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయారు. వెనక నుంచి వరదమ్మ దగ్గు వినిపించింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత చెయ్యి తీసేసింది. ఆమె పక్కన ఇంకొకామె దగ్గింది, కిటికీ దగ్గర మరొకామె. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సుధారాణి లేచి నిలబడింది. మొహంలో రంగు లేదు. "ఏందమ్మా ఇది? ఎవరి ఇళ్లల్లో పొగ వస్తోంది? నెల నెలా అడిగాను కదా! చెబితే ఒక్కరోజు పని కదా!"

అందరి కళ్లూ లిదియమ్మ మీదే ఉన్నాయి. ఆమె సాక్ష్యం నిలబడి ఉన్నంతసేపు ఏ నోరూ లేచేది కాదు. లిదియమ్మ మైకు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంది. మళ్లీ ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుందని ఏంజెలిన్ భయపడింది.

హెప్సిబా దగ్గు ఆగింది. ఆయాసంతో అటూ ఇటూ చూసి, ఎవరూ చెప్పకుండానే, పావడా అంచు తీసుకుని మళ్లీ నోట్లో పెట్టుకుంది.

లిదియమ్మ చూసింది. మైకు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగివచ్చి, మనవరాలి పక్కన చాప మీద కూర్చుంది. పిల్ల నోట్లోంచి ఆ అంచు తీసింది. అది తడిసి ముద్దయి ఉంది. తన కొంగుతో పిల్ల మూతి తుడిచింది.

"ఎప్పటినుంచమ్మా?" అంది సుధారాణి.

"మొదటి రోజు నుంచే" అంది లిదియమ్మ.

ఎప్పుడూ చర్చి చివరి వరసకు వినబడే గొంతు, ఆ రోజు ముందు చాపల దాకే వినిపించింది. వెనక నుంచి ఎవరో, "ఏమనింది? ఏమనింది?" అన్నారు.

లిదియమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని, తల ఎత్తి, అందరికీ వినబడేటట్టు ఆ మాట ఇంకోసారి చెప్పింది.